‘ఈఎస్‌టీ’ని నమ్మకండి, ఊరి పేరు అడగండి

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇంజినీరింగ్ చదివేవాళ్లకు, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో ప్రయత్నించేవాళ్లకు అమెరికా టీమ్‌తో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇప్పుడు వింతేం కాదు. కోడింగ్ కోసం నెలల తరబడి కుస్తీ పడతారు. టైమ్ దగ్గర మాత్రం ‘పదిన్నర గంటలు కలిపితే చాలు’ అనుకుంటారు. దెబ్బ తినేది అక్కడే.

మన గడియారం ఏడాదంతా ఒకేలా నడుస్తుంది. న్యూయార్క్‌ది అలా కాదు. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతుంది. అందుకే మనతో తేడా చలికాలంలో 10.30 గంటలు, వేసవిలో 9.30 గంటలు. అక్కడ గురువారం రాత్రి 9 అంటే మనకు జనవరిలో శుక్రవారం ఉదయం 7.30, జులైలో 6.30. తేదీ కూడా మారిపోతుంది! పైగా ‘ఈఎస్‌టీ’ అనేది చలికాలపు టైమ్ పేరే అయినా, చాలామంది జులైలోనూ అలవాటుగా అదే రాసేస్తారు.

కాబట్టి ఊరు అడగండి. ఇంటర్వ్యూ తేదీ పెట్టి లెక్క చూడండి. జవాబులో రెండు టైమ్‌లూ రాయండి: ‘మీకు గురువారం రాత్రి 9, నాకు శుక్రవారం ఉదయం 6.30. ఇది సరైనదేనా?’ అడిగితే తక్కువగా చూస్తారేమోనన్న మొహమాటం వద్దు. దూరంగా ఉన్న టీమ్‌తో మీరు పనిచేయగలరనడానికి మొదటి రుజువు ఆ ప్రశ్నే.