కంచంలో పెద్దరికం

మాంసం, చేప, గుడ్డు తినేవారి నిష్పత్తి దేశంలో అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉన్నాయి. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన సర్వే ప్రకారం, 15 ఏళ్లు దాటినవారిలో మాంసాహారులు ఈ రెండు రాష్ట్రాల్లోనూ 98 శాతానికి పైనే. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 71 శాతం దగ్గర ఉంది. రాజస్థాన్‌లో లెక్క తిరగబడి, నలుగురిలో ముగ్గురు శాకాహారులుగా తేలారు.

ఇంత ఆధిక్యం ఉన్నచోట మాంసాహారం మామూలు సంగతిగా, శాకాహారం కొద్దిమంది అలవాటుగా చెలామణి కావాలి. జరుగుతున్నది అది కాదు. మాంసం తినేవారే దాన్ని ముట్టని రోజును నిష్ఠగల రోజుగా భావిస్తారు. కోడికూర వండిన పూట దేవుడి గది తలుపు దగ్గరగా వేసే ఇళ్లు కోకొల్లలు. ఆంధ్ర ప్రాంతంలో చాలా పెళ్లిళ్లలో ముహూర్తం నాటి భోజనం శాకాహారమే, మాంసం విందు మరో రోజుకు వాయిదా పడుతుంది. జనాభాలో రెండు శాతం కూడా లేనివారి కంచం మిగతా 98 శాతానికి కొలబద్ద అయిందన్నమాట. శౌచం, ఆరోగ్యం, కరుణ అనే మూడు వేర్వేరు వాదాలు ఒకే ముద్దగా కలిసిపోవడం ఇందుకు కారణం. వాటిని విడదీయనంత కాలం తిండి గురించిన చర్చ కులం దగ్గర మొదలై కులం దగ్గరే ఆగుతుంది. ప్రాణం పోగొట్టుకునే జంతువు సంగతి ఎవరికీ పట్టదు.

ముందుగా ఆ 98 శాతం లెక్కను సరిగా అర్థం చేసుకోవాలి. అది ఎప్పుడైనా సరే మాంసం తినేవారి సంఖ్య. రోజూ తినేవారిది కాదు. ముక్క లేనిదే ముద్ద దిగదని చెప్పుకునే ఇంట్లోనూ సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వేంకటేశ్వరుడికి అంటూ వారంలో ఏదో ఒక రోజు విడుపు ఉంటుంది. కార్తిక మాసంలో కోడి ధర పడిపోవడం వ్యాపారులకు ఏటా అనుభవమే. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు మాంసం జోలికి పోరు. అదే సమాజం బోనాలకు, దసరాకు, కనుమకు మాంసం లేకపోతే పండుగే కాదంటుంది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్ కిక్కిరిసిపోతుంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం భారతీయుల్లో 39 శాతం మంది తాము శాకాహారులమని చెప్పుకున్నారు. ఏదో ఒక రకంగా మాంసంపై నియమం పాటించేవారు మాత్రం 81 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవారే అసలు సిసలు తెలుగు కుటుంబాలకు ప్రతినిధులు. వారిని ఒక గాటన కట్టడం కష్టం.

సర్వేల్లో వచ్చే జవాబుల్ని కూడా ఆచితూచి తీసుకోవాలి. బల్మురళి నటరాజన్, సూరజ్ జాకబ్ 2018లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాసిన వ్యాసం ఈ విషయాన్నే ఎత్తిచూపింది. మాంసం తినడం, అందులోనూ గొడ్డు మాంసం తినడం, చిన్నతనంగా మారినచోట జనం తినేదాన్ని తగ్గించి చెబుతారని వారి వాదన. ఇంటి తలుపు తట్టిన అధికారికి ఏం చెప్పాలో నిర్ణయించేది నాలుక కాదు, చుట్టూ ఉన్న సమాజం.

శౌచ భావన గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగువారి ఆహార వైఖరుల్లో అన్నిటికన్నా బలమైనది అదే. బ్రాహ్మణులు, ఆర్యవైశ్యులు, జంగాలు సంప్రదాయంగా మాంసం ముట్టరు. ఆ కింద మొదలయ్యే నిచ్చెనలో ప్రతి మెట్టూ తన కిందిమెట్టు కూరను చూసి ముక్కు మూసుకుంటుంది. వేటకూర తినే ఇల్లు పంది మాంసాన్ని చిన్నచూపు చూస్తుంది. ఈ ఇళ్లన్నీ కలిసి పెద్దకూరను, అంటే గొడ్డు మాంసాన్ని, ఊరి బయటికి నెట్టాయి. అంటరానితనానికీ గొడ్డు మాంసానికీ ఉన్న ముడిని విప్పే ప్రయత్నం అంబేడ్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో చేశారు. చారిత్రకంగా ఆయన ప్రతిపాదనపై వాదోపవాదాలు ఉండవచ్చు గాని, తిండిని బట్టి మనిషి హోదా తేల్చే పద్ధతి ఆ ముడి మీదే నిలబడిందన్న సంగతిని ఎవరూ కాదనలేరు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు ఘర్షణ చెలరేగింది కూడా పోషకాహారం గురించి కాదు. ఒక వర్గం వంటకానికి హాస్టల్ మెస్‌లో చోటు ఉందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న.

సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కూర్గు ప్రజలపై రాసిన పుస్తకంలో కులాలు పైమెట్టుకు ఎదగడానికి మాంసం, మద్యం మానేసి పైకులాల ఆచారాలను అనుసరించే తీరును వివరించారు. తెలుగునేల మీద ఆ మార్గం కొంతవరకే పనిచేసింది. ఇక్కడ భూమి, గ్రామాధికారం చేతిలో ఉన్న రెడ్డి, కమ్మ, వెలమ, కాపు వంటి కులాలకు పెద్దరికం కోసం మాంసం వదులుకోవాల్సిన అవసరం రాలేదు. పలుకుబడి పొలం నుంచి వచ్చింది, పథ్యం నుంచి కాదు. గుజరాత్, రాజస్థాన్‌లలో జైన, వైష్ణవ వర్తక వర్గాల ప్రభావం పట్టణ జీవితాన్ని మలిచింది. అటువంటి ఒత్తిడి ఇక్కడ తక్కువ. అందుకే తెలుగు జమీందారు, తెలుగు పాలేరు ఇద్దరూ మాంసాహారులుగానే మిగిలారు. అయినా శాకాహారం పవిత్రమన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. మనసు ఒప్పుకున్న దాన్ని నోరు పాటించనప్పుడు మిగిలేది అపరాధ భావం, దాని విరుగుడుగా వారానికో రోజు నియమం.

ఈ నమ్మకం ఇంటి గడప దాటినప్పుడు అన్యాయంగా మారుతుంది. హైదరాబాద్‌లో అద్దె ఇంటి ప్రకటనల్లో శాకాహారులకు మాత్రమే అన్న షరతు కొత్త కాదు. ఆ షరతు వెనుక వంటింటి వాసనపై అభ్యంతరం కొంత ఉంటే, కులం, మతం నేరుగా అడగకుండా తెలుసుకునే ఉపాయం ఎక్కువ. దళితుడు, ముస్లిం, క్రైస్తవుడు ఆ వాకిట్లో అడుగు పెట్టకుండానే వెనుదిరుగుతారు. జైనుల పర్యూషణ పర్వం సందర్భంగా అహ్మదాబాద్‌లో కబేళాల మూసివేతను 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది. అదే తీర్పులో, ఎవరు ఏం తింటారన్నది వారి సొంత విషయమనీ, అది గోప్యత హక్కులో భాగమనీ కూడా చెప్పింది. ఒకే తీర్పులో ఈ రెండూ ఇమడటం చూస్తే, తిండి హక్కు మన దగ్గర ఎంత సన్నని దారి మీద నడుస్తోందో తెలుస్తుంది. ప్రైవేటు ఇంటి యజమాని షరతు దగ్గరికి ఆ హక్కు ఇంకా చేరనే లేదు.

ఆరోగ్యం విషయంలో వాదన చాలావరకు తేలిపోయింది. జాగ్రత్తగా ఎంచుకుంటే శాకాహారంతోనూ, పాలు సైతం లేని వీగన్ ఆహారంతోనూ అన్ని వయసులవారూ ఆరోగ్యంగా బతకవచ్చని అమెరికా ఆహార నిపుణుల సంఘం 2009లోనే ప్రకటించింది. వీగన్లు బి12 విటమిన్ బయటి నుంచి తీసుకోక తప్పదు, మొక్కల్లో అది దొరకదు. మరోవైపు, నిల్వ ఉంచేలా శుద్ధి చేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చింది. ఇక్కడ కీలకం ‘జాగ్రత్తగా ఎంచుకుంటే’ అన్న షరతు. పప్పు, పెరుగు, పండు, గింజలు కొనగలిగినవారికి అది వర్తిస్తుంది. పేదింట్లో శాకాహారమంటే నీళ్ల చారుతో అన్నం, మాంసాహారమంటే అదే అన్నంలో వారానికోసారి రెండు ముక్కలు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ సంగతిని నిర్మొహమాటంగా బయటపెట్టింది. అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశంలో 67 శాతం ఉంటే, దాదాపు అందరూ మాంసాహారులైన తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం నమోదైంది. మాంసాహారి అన్న ముద్ర కంచంలో ఎంత పడిందో చెప్పదు. బడిలో పెట్టే గుడ్డు విలువ ఇక్కడే తెలుస్తుంది. గుడ్డొక్కటే రక్తహీనతను పోగొట్టదు గాని, ఆ వయసుకు కావలసిన మేలైన మాంసకృత్తులు, బి12 అంత చౌకగా మరో రూపంలో అందడం కష్టం. మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు ఇచ్చే ప్రతిపాదనను ప్రభుత్వమే తోసిపుచ్చింది. 2021లో కర్ణాటకలో మఠాధిపతులు అడ్డు చెప్పారు. తెలుగు రాష్ట్రాల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెద్ద గొడవ లేకుండా సాగుతోంది. ఈ విషయంలో తెలుగు సమాజం గర్వపడాలి. తినని పిల్లలకు మరొకటి ఇవ్వవచ్చు. తినే పిల్లల నోటి దగ్గరి గుడ్డును పెద్దల నిష్ఠ కోసం లాగేయడం ఏ ధర్మానికీ నిలవదు.

కరుణ వాదం శౌచానికీ ఆరోగ్యానికీ వేరు. దాని తొలి జాడల్లో ఒకటి తెలుగునేల మీదే రాతిపై ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో దొరికిన అశోకుడి శాసనాల్లో మొదటిది రాజుగారి వంటశాల గురించి చెబుతుంది. ఒకప్పుడు అక్కడ రోజూ లక్షలాది జంతువులు చచ్చేవి, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే, ఇక మీదట అవి కూడా ఉండవు అన్నది దాని సారాంశం. మైల ప్రసక్తి, ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అన్న మాట అందులో లేవు. చంపడం తగ్గించాలన్న నిర్ణయం, తన వంటింటి నుంచే మొదలుపెట్టిన నిజాయితీ ఉన్నాయి. తరువాతి శతాబ్దాల్లో ఈ కరుణను శౌచం మింగేసింది.

వీగన్ ఉద్యమం ఆ పాత ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. 1944లో బ్రిటన్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు స్థాపించిన సంఘం పాలు, గుడ్లు కూడా హింసలో భాగమేనని వాదించింది. ఈ మాట వినగానే మాంసాహారుల కన్నా ఎక్కువగా నొచ్చుకునేది తెలుగు శాకాహారులే. నెయ్యి లేని ముద్దపప్పు, పెరుగు లేని ఆఖరి ముద్ద ఊహకే అందవు. కానీ లెక్క చూస్తే వీగన్ల మాటలో నిజం ఉంది. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానం భారత్‌ది, గేదె మాంసం ఎగుమతిలోనూ ముందువరుస. పాలివ్వని దున్నపోతు దూడకు, వట్టిపోయిన గేదెకు ఏం జరుగుతుందో ఈ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది. ఆవు, గేదె పాలు మానేసిన గాంధీ జబ్బుపడినప్పుడు మేకపాలు తీసుకుని, తన వ్రతం మాటకే దక్కింది గాని దాని ఆత్మకు దక్కలేదని బాధపడ్డారు. పాలు నిరపాయమని నమ్మేవారి శాకాహారం జంతువు బాధ మీద ఆధారపడలేదు, రక్తం కనిపించకపోవడం మీద ఆధారపడింది.

అలాగని రెండు గేదెలతో ఇల్లు నడుపుకునే భూమిలేని మహిళను, వేల పశువుల డెయిరీ కంపెనీని ఒకే తక్కెడలో తూచడం తప్పు. విదేశీ పరిస్థితుల్లో పుట్టిన వాదాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చినప్పుడు ఈ తేడా కనిపించకుండా పోతుంది. వాతావరణం కోసం మాంసం మానాలన్న వాదం విషయంలోనూ అంతే. అమెరికాలో తలసరి మాంసం వినియోగం ఏడాదికి 100 కిలోలు దాటుతుంది. భారత్‌లో తలసరి ఉత్పత్తే ఏడు కిలోల దరిదాపుల్లో ఉంది. భూగోళం వేడెక్కుతోందని నల్గొండ కూలీని వారానికో చేపముక్క మానమనడం తగదు.

మాంసాహారుల వైఖరికి కూడా పరీక్ష అవసరమే. జంతువులంటే ప్రేమ ఉంది, మాంసమూ కావాలి అన్న రెండు భావాల మధ్య మనసు రాజీ కుదుర్చుకునే తీరును మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. మాంసం తినడం సహజం, అందరూ చేసేదే, అవసరం, రుచికరం అన్న నాలుగు సమర్థనలే ఎక్కువగా వినిపిస్తాయని 2015లో ఒక అధ్యయన బృందం తేల్చింది. తెలుగునాట దీనికి అయిదోది చేరింది. శాకాహార ఆధిపత్యానికి జవాబుగా మాంసాన్ని ఆత్మగౌరవ చిహ్నంగా నిలబెట్టడం. ఆ జవాబు న్యాయమైనదే. పెద్దకూరను అవమానించినవారి ముందు దాన్ని గౌరవంగా తినడం ఒక హక్కు. అయితే ఆ హక్కు జంతువు పట్ల బాధ్యతను రద్దు చేయదు.

ఆ బాధ్యత అసలు పరీక్ష ఎదుర్కొనేది కోళ్ల ఫారంలో. ఊళ్లో పెరట్లో తిరిగి, పండక్కి కోసే నాటుకోడి కాలం పోయి, 1970ల తరువాత కోళ్ల పరిశ్రమ తెలుగు జిల్లాల్లో వేళ్లూనుకుంది. నేడు దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం, తెలంగాణ కూడా ముందువరుసలోనే ఉంది. బ్రాయిలర్ కోడి ఆయుష్షు ఆరు వారాలు. గుడ్లు పెట్టే కోడికి ఇనుప గూట్లో ఒక ఏ4 కాగితం అంత చోటు కూడా దక్కదు. రెక్క విప్పడానికి వీల్లేదు. లా కమిషన్ 2017లో ఇచ్చిన 269వ నివేదికలో, ఈ కోళ్లకు కదలడానికి వీలైన వసతి కల్పించే నిబంధనలు రావాలని సూచించింది. ఆ నివేదికపై కార్తిక వ్రతం పట్టేవారు గాని, పెద్దకూర హక్కు కోసం పోరాడేవారు గాని, శాకాహార సంఘాలు గాని తెలుగునాట గట్టిగా మాట్లాడిన సందర్భాలు అరుదు. గూడు పెద్దదైతే గుడ్డు ధర పెరుగుతుందన్నది పరిశ్రమ అభ్యంతరం, అది కొట్టిపారేయదగినది కాదు. కానీ ఆ పెంపు బడి పిల్లల మీద పడనక్కర్లేదు. మధ్యాహ్న భోజనం గుడ్లకు చెల్లించేది ప్రభుత్వమే కాబట్టి, పెరిగిన ధరను భరించి, మెరుగైన వసతి ఉన్న ఫారాల నుంచే కొంటామని టెండర్లలో షరతు పెట్టగలిగేదీ ప్రభుత్వమే. పండుగ నాడు పది ముక్కలు వడ్డించుకోగల ఇళ్లు కోడిమాంసం కిలోకు ఇంకో పాతిక రూపాయలు ఇవ్వగలవు.