రంది అన్నప్పుడే వినాలి

‘బుగులైతాంది. రాత్రిళ్లు నిద్ర పడుతలేదు.’ జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి పల్లెల్లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లల బాధ చాలావరకు ఇలాంటి మాటల్లోనే బయటికొస్తుంది. డిప్రెషన్, యాంగ్జైటీ అన్న పేర్లు వాళ్ల నోట అరుదు. రంది, బుగులు, గుండె దడ, పరేషాన్... వాళ్లకు తెలిసిన మాటలివి. ‘గంతదానికే రంది పెట్టుకుంటరా?’ అని ఇంట్లో ఒకరు తేల్చేస్తే అంతటితో ఆ ముచ్చట ఆగిపోతుంది.

ఆ తర్వాత మొదలయ్యేది తిరుగుడు. దడ అంటే ఊరి ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు. నిద్ర లేదంటే ‘గాలి సోకింది’ అని తాయెత్తు కట్టిస్తారు. చదువు మీద మనసు నిలవడం లేదంటే ఫోన్ లాక్కుంటారు. అసలు డాక్టర్ దాకా వెళ్లేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. చాలామంది అక్కడిదాకా వెళ్లనే వెళ్లరు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సాధారణ మానసిక సమస్యలున్న ప్రతి వందమందిలో దాదాపు 85 మందికి చికిత్సే అందడం లేదు.

పిల్లలు ఎందుకు చెప్పరు? 2021లో యూనిసెఫ్ 21 దేశాల యువతను ఇదే విషయం అడిగింది. మానసిక సమస్య వస్తే ఇతరుల సాయం తీసుకోవడం మంచిదని సగటున 83 శాతం మంది చెప్పారు. మన దేశంలో ఆ మాటన్నవారు 41 శాతమే. ఇందులో పిల్లల తప్పు వెతకడం అన్యాయం. నోరు తెరిచిన తోటివాడికి ఏ పేరు పెట్టారో వాళ్లు చూస్తూనే ఉన్నారు. మన రాష్ట్రంలో, మానసిక వైద్యశాల ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరే ఒక తిట్టుగా మారిపోయింది.

ఓపీ చీటీ కోసం వరుసలో నిల్చున్న ఒక డిగ్రీ అమ్మాయిని తలచుకోండి. ‘ఏ డాక్టర్‌కు?’ అని కౌంటర్‌లోంచి గట్టిగా అడుగుతారు. వెనకాల సొంతూరి మనిషే ఉంటాడు. ఆమె ‘జ్వరం’ అంటుంది. చీటీ మీద జ్వరమే రాస్తారు. మందులూ జ్వరానివే ఇస్తారు.

దూరం మాత్రం కొంత తగ్గింది. 2016 అక్టోబరు దాకా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోవే; పెద్ద వైద్యమంటే ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లాల్సిందే. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మానసిక వైద్యం కోసం ఎవరూ దూరాభారం ప్రయాణించే అవసరం ఉండకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్నదీ ఆ చట్టంలోని హక్కే. కౌంటర్ దగ్గర గట్టిగా అడిగే ఆ ఒక్క ప్రశ్న ఆ హక్కును కాలరాస్తోంది.

కాలేజీల బాధ్యత కూడా ఇప్పుడు తప్పించుకోలేనిది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. ఎన్ని జూనియర్ కాలేజీల్లో ఇది అమలవుతోందో జిల్లా కలెక్టర్లు తనిఖీ చేసి, ఆ జాబితాను ప్రజల ముందు పెట్టాలి.

ఇందులో భారీ ఖర్చుతో కూడిన పనులు తక్కువే. చీటీ మీద గది నంబర్ రాస్తే చాలు, విభాగం పేరు బయటికి అడగక్కర్లేదు. కాలేజీ వదిలాక వచ్చేవారి కోసం వారానికి రెండు సాయంత్రాలు ఓపీ నడపవచ్చు. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చేవారితో లంబాడీలో మాట్లాడగల మనిషి ఒకరుండాలి. దడ, నిద్రలేమి అంటూ వచ్చిన పిల్లలను సెలైన్‌తో సరిపెట్టకుండా పెద్దాస్పత్రికి పంపమని ఆర్‌ఎంపీలకూ, ఆశా కార్యకర్తలకూ నేర్పాలి. ‘బుగులు’ అన్న మాటను కూడా ఒక రోగ లక్షణంగా రాసుకోవడం డాక్టర్లు అలవాటు చేసుకోవాలి.

ఇంట్లో పెద్దలకు ఒక విన్నపం. పిల్లలు రంది అన్నప్పుడు సలహా చెప్పకుండా పది నిమిషాలు వినండి. ఆ తర్వాత 14416కు ఫోన్ చేయండి, లేదా వాళ్లతో చేయించండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ ఇది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు.