సిస్టరు చేతికి కలం ఇవ్వండి

షోలాపూర్ తూర్పు భాగంలో ఏ మెడికల్ షాపు ముందైనా సాయంత్రం ఏడు దాటాక కాసేపు నిలబడి చూడండి. మగ్గాల షిఫ్టు దిగిన మగవాళ్లు, పొద్దంతా బీడీలు చుట్టి నడుము పట్టేసిన ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తారు. చేతిలో డాక్టరు చీటీ ఉన్నవాళ్లు తక్కువ. "బీపీ గోలీలు నాలుగియ్యి అన్నా" అంటారు. కౌంటరు వెనకున్న కుర్రాడు పది మాత్రల పట్టీ తీసి, కత్తెరతో నాలుగు కత్తిరించి చేతిలో పెడతాడు. మందు పేరు, గడువు తేదీ, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్న హెచ్చరిక, అన్నీ మిగిలిన ఆరు మాత్రల వైపే ఉండిపోతాయి. కొన్నామె ఎన్ని మిల్లీగ్రాముల మాత్ర మింగుతోందో ఆమెకు తెలియదు. రేపు కళ్లు తిరిగి పడిపోతే ఆమెను చూడబోయే డాక్టరుకూ తెలియదు.

అదే గల్లీలో నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన పద్మశాలి ఇంటి ఆడపిల్ల ఉంటుంది. బీపీ సరిగ్గా కొలవడం ఆమెకు వచ్చు. ఆమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి కాళ్లు ఎందుకు వాస్తాయో తెలుసు. ఎవరికి మాత్ర సరిపోతుందో, ఎవరిని ఆ క్షణమే సివిల్ ఆస్పత్రికి పంపించాలో తెలుసు. కానీ ఆ నాలుగు మాత్రలు ఆమె రాయకూడదు. కత్తెర పట్టుకున్న కుర్రాణ్ణి అడిగేవాడు లేడు, చదువుకున్న నర్సు కలం పడితే మాత్రం నేరం. ఈ వ్యవస్థను రోగి భద్రత అని పిలవడానికి నేను ఒప్పుకోను.

నేను అడిగేది స్పష్టంగా చెబుతాను. అదనపు శిక్షణ పొంది పరీక్ష నెగ్గిన నర్సుకు, నిర్ణయించిన జాబితాలోని మందులను, పేరు చెప్పి బాధ్యత తీసుకున్న డాక్టరు పర్యవేక్షణలో, తన సంతకంతో రాసే హక్కు ఇవ్వాలి. మా తెలుగు పేటల నుంచే మొదలుపెట్టాలి.

ఇది చట్టంలో లేని కోరిక కూడా కాదు. 2019లో పార్లమెంటు చేసిన జాతీయ వైద్య కమిషన్ చట్టం తీసి సెక్షన్ 32 చదవండి. ఆధునిక వైద్యరంగంతో సంబంధం ఉండి అర్హత పొందినవారికి 'కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్'గా పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చని అందులో ఉంది. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులు వాళ్లు సొంతంగా రాయవచ్చు, మిగతా సందర్భాల్లో రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలోనే రాయాలి. ఇలాంటి లైసెన్సులు మొత్తం డాక్టర్ల సంఖ్యలో మూడో వంతు దాటకూడదు. ఇంత జాగ్రత్తగా గీత గీసిన ఈ చట్టం బిల్లుగా ఉన్నప్పుడే దాని మీద ఆ ఏడాది జులై 31న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ దేశమంతా సమ్మె చేసింది. నాటు వైద్యులకు లైసెన్సులిస్తున్నారని గగ్గోలు పెట్టింది. చట్టం నెగ్గింది, 2020 సెప్టెంబరులో కమిషన్ కూడా ఏర్పడింది. ఆ లైసెన్సు చేత పట్టుకున్న మనిషిని మాత్రం నేను ఈ ఊళ్లో ఒక్కరినీ చూడలేదు.

ఈ ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో చెప్పాలి. గోదూతాయి పరులేకర్ పేరు మీద కుంభారి దగ్గర కట్టిన బీడీ కార్మికుల కాలనీ ఉంది. సుమారు 10 వేల ఇళ్లు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళంచెవులు ఇచ్చిన ఇళ్లు అవి. అక్కడ ఒక అవ్వ ఆరేళ్లుగా బీపీకి ఒకే మాత్ర వేసుకుంటోంది. మాత్రలు అయిపోతే పొద్దున్నే బయలుదేరి పెద్ద ఆస్పత్రికి పోవాలి. కేసు పేపరుకు ఒక వరస, డాక్టరుకు ఒక వరస, మందుల కిటికీ దగ్గర మరో వరస. డాక్టరు తల ఎత్తే లోపే "అవే మాత్రలు కొనసాగించండి" అని రాసేస్తాడు. ఆయనను తప్పుపట్టను, బయట అంత మంది ఉన్నారు. కానీ అక్కడ కొత్తగా జరిగిన వైద్య నిర్ణయం ఏముంది? ఏమీ లేదు. ఒక సంతకం కోసం అవ్వ ఆ రోజు బీడీలు చుట్టలేదు. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చేవాళ్లకు చుట్టని రోజు అంటే ఆ రోజు డబ్బు లేనట్టే. అందుకే పై నెల ఆమె పోలేదు.

"ఎన్ని దినాలాయె అవ్వా గోలీలు బంద్ చేసి?" అని అడిగాను.

"యాదికి లేదు బిడ్డా. తల తిరిగినప్పుడు మెడికల్‌ల తెచ్చుకుంట" అంది.

బీపీ మందు తల తిరిగినప్పుడు వేసుకునేది కాదు. ఈ ముక్క ఆమెకు కూర్చోబెట్టి, తెలుగులో, మూడు నెలలకోసారైనా గుర్తుచేసే మనిషి కావాలి. ఆ మనిషి నర్సే. డాక్టరుకు తీరిక లేదు. చాలామందికి మా భాషా రాదు. మందు ఆగి పక్షవాతం వచ్చి మంచం పట్టాక ఆ ఇంటి మగ్గం కూలి, బీడీ కూలి రెండూ కలిపినా ఫిజియోథెరపీకి చాలవు. ఒక రక్తపోటు మాత్ర పదే పదే రాయించుకోలేక కుటుంబాలు ఇలా కూలిపోవడం చూస్తూ ఊరుకోమంటారా?

నడుము నొప్పి సంగతి ఇంకా ఘోరం. కూర్చుని చుట్టీ చుట్టీ వెన్ను వంగిపోయిన ఆడవాళ్లకు షాపుల్లో నొప్పి మాత్రలు నెలల తరబడి అమ్ముతున్నారు. కొన్నింట్లో స్టెరాయిడ్ కలుస్తుంది. వేసుకున్న పూట హాయిగా ఉంటుంది, లోపల షుగరు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నూలు దుమ్ము పీల్చి ఆయాసపడే మగ్గం కార్మికుడికి ఇన్‌హేలరు బదులు దగ్గు సీసా అంటగడతారు. ఇవన్నీ ఆపగలిగే చదువు ఉన్న మనిషిని పక్కన నిలబెట్టి, ఆపే అధికారం ఇవ్వకుండా ఉంచాం.

ఇక మహారాష్ట్ర ప్రభుత్వం చేసిన పని చూడండి. 2014లో చట్టం సవరించి, హోమియోపతి డాక్టర్లు ఆధునిక ఔషధశాస్త్రంలో ఒక ఏడాది కోర్సు చేస్తే అల్లోపతి మందులు రాయవచ్చని దారి తెరిచింది. ఆయుర్వేద పట్టభద్రులకు అంతకు ముందే వీలు కల్పించింది. వాళ్ల మీద నాకు కోపం లేదు, మా పేటల్లో రాత్రి పదింటికి తలుపు తీసేది వాళ్లలో చాలామందే. నా ప్రశ్న ప్రభుత్వానికి. వేరే వైద్యపద్ధతి చదివినవాడు ఏడాదిలో అల్లోపతి మందు నేర్చుకోగలిగితే, నాలుగేళ్లూ అల్లోపతి వార్డుల్లోనే చదివి, పదేళ్లు అవే మందులు చేతితో ఇచ్చిన నర్సు ఎందుకు నేర్చుకోలేకపోతుంది? ఆమె ఆడది కాబట్టా? బీద ఇంటి నుంచి వచ్చింది కాబట్టా? డాక్టరు వెనక నిలబడటమే ఆమె స్థానమని మీరు ముందే తీర్మానించారు కాబట్టా? నాకు ఇంకో కారణం కనిపించడం లేదు.

ప్రభుత్వానికి నర్సు సామర్థ్యం తెలియక కాదు. తనకు అవసరమైనప్పుడు వాడుకుంటూనే ఉంది. 1945 నాటి ఔషధ నియమాల్లో షెడ్యూల్ కె అని ఒకటుంది. ప్రభుత్వ కార్యక్రమాల కింద ఏఎన్ఎంలు, ఉపకేంద్రాల సిబ్బంది, అంగన్వాడీ కార్యకర్తలు మందులు ఇస్తే అమ్మకపు లైసెన్సు అక్కరలేదని అందులో మినహాయింపు. 2014లో కేంద్రం ఇంకో మెట్టు ఎక్కి, ప్రత్యేక పరిస్థితుల్లో పసిగుడ్డుకు రక్తంలో ఇన్ఫెక్షన్ సోకితే జెంటామైసిన్ సూది వేసే అనుమతి ఏఎన్ఎంకు ఇచ్చింది. రెండు నెలలైనా నిండని బిడ్డకు యాంటీబయాటిక్ సూది! దానికి పునాది పడింది మహారాష్ట్రలోనే. గడ్చిరోలి పల్లెల్లో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు నేర్పి, ఇళ్లలోనే నవజాత శిశువులకు చికిత్స చేయించారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పసిబిడ్డ ప్రాణం ఏఎన్ఎం చేతిలో పెట్టగలిగినవాళ్లు, అవ్వ బీపీ మాత్రకు మాత్రం ఆమెను నమ్మరు. ఆమె మందు ఇచ్చినప్పుడల్లా 'సరఫరా' అని రాసుకుంటారు. నిర్ణయం ఆమెది, పేరు మాత్రం కాగితం మీద ఉండదు. తప్పు జరిగినప్పుడు మాత్రం ఆ పేరు ఎక్కడున్నా వెతికి పట్టుకుంటారు.

మా తాతలు మగ్గం గుంటలు వదిలి వలస వచ్చిన జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. 2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి అక్కడ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. సహజ ప్రసవాలు తమ చేతుల మీదుగా చేసే నర్సులు అక్కడ తయారయ్యారు. ఆ మరుసటి ఏడాదే కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. బ్రిటన్ 1992లోనే నర్సులు మందు రాయడానికి చట్టం చేసింది. 2006 నుంచి అర్హత సంపాదించిన నర్సు దాదాపు అన్ని మందులూ రాయవచ్చు. మన ఊళ్ల నుంచి వెళ్లిన నర్సు అక్కడ కోర్సు చేసి చీటీ రాస్తే ఆ దేశానికి ఏ ముప్పూ రాలేదు. అదే మనిషి సెలవుకు షోలాపూర్ వస్తే తన తల్లి మాత్ర తాను రాయకూడదు.

డాక్టర్ల సంఘాలు చెప్పే అభ్యంతరాల్లో ఒకటి నేను తోసిపుచ్చను. శిక్షణ లేకుండా హక్కు ఇస్తే ప్రమాదమే. ఛత్తీస్‌గఢ్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎవరు ఎలా వైద్యం చేస్తున్నారో పరిశీలించి 2010లో ఒక నివేదిక వేశారు. మూడేళ్లు వైద్యశిక్షణ పొందిన సహాయకులు ఎంబీబీఎస్ డాక్టర్లకు సమానంగా నిలిచారు. ఆ శిక్షణ లేని నర్సులు, ఇతర సిబ్బంది వెనకబడ్డారు. తేడా వచ్చింది శిక్షణ దగ్గరే. కాబట్టి శిక్షణ ఇవ్వండి, కఠినంగా పరీక్షించండి, ఫెయిలైనవాళ్లను ఫెయిల్ చేయండి. శిక్షణ ఇవ్వడానికి అడ్డుపడి, శిక్షణ లేదని వంక పెట్టకండి.

పర్యవేక్షణ అన్న మాట దగ్గర నేను రాజీ పడను. ఇవాళ చాలా ప్రైవేటు నర్సింగ్ హోముల్లో జరుగుతున్నది నాకు తెలుసు. డాక్టరు రాత్రి ఇంట్లో నిద్రపోతాడు. సెలైన్‌లో ఏం కలపాలో, జ్వరం తగ్గకపోతే ఏ సూది వేయాలో సిస్టరే చూసుకుంటుంది. పొద్దున ఆయన వచ్చి ఖాళీ కాగితాల మీద సంతకాలు పెడతాడు, బిల్లు ఆయన పేరున పోతుంది. అలాంటి పర్యవేక్షణకు చట్టం ముద్ర వేయించుకోవడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. చీటీ మీద నర్సు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పర్యవేక్షించే డాక్టరు పేరు మూడూ ఉండాలి. ఒక డాక్టరు కింద ఇంతమందే నర్సులు అన్న హద్దు ఉండాలి. కేంద్రం తెరిచి ఉన్నంతసేపూ ఆయన ఫోను ఎత్తాలి, ఎత్తకపోతే ఆ తప్పు ఆయన ఖాతాలో పడాలి. నెలకోసారి వచ్చి, తనకు నచ్చినవి కాకుండా చేతికందిన చీటీలు తీసి చూడాలి. జాబితాలో బీపీ, షుగరు మాత్రలు, ఇన్‌హేలర్లు, రక్తహీనతకు ఐరన్, పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్, జింకు, జాతీయ కార్యక్రమం కింద టీబీ మందుల కొనసాగింపు ఉండాలి. నిద్రమాత్రలు, మత్తుమందులు, స్టెరాయిడ్లు ఉండకూడదు. బీపీకి ఏ మాత్రతో మొదలుపెట్టాలి, ఎప్పుడు మళ్లీ కొలవాలి, తగ్గకపోతే ఏం చేర్చాలి అన్నది జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఇప్పటికే కాగితం మీద అచ్చు వేసి ఇచ్చింది. ఆ కాగితం చూసి మందు సవరించడానికి ఎంబీబీఎస్ పట్టా కావాలని ఎవరైనా మా ఎదుట నిలబడి వాదించమనండి.

ఇంకో షరతు. ఈ అదనపు బాధ్యతకు అదనపు జీతం, పక్కా ఉద్యోగం, తప్పు ఆరోపణ వస్తే న్యాయసహాయం. పదకొండు నెలల కాంట్రాక్టు మీద బతికే మనిషి చేతికి కలం ఇచ్చి, మెడ మీద కత్తి పెడితే ఏ నర్సూ ముందుకు రాదు, రాకూడదు కూడా. డబ్బు ఎక్కడిదంటారా? బీడీ మీద వసూలు చేసిన సెస్సుతోనే ఒకప్పుడు కార్మికుల డిస్పెన్సరీలు నడిచాయి. 2017లో జీఎస్టీ వచ్చి ఆ సెస్సును రద్దు చేసింది. ఇప్పుడు బీడీ మీద వస్తున్న పన్నులో ఆ కార్మికురాలి ఆరోగ్యానికి భాగం తిరిగి కేటాయించడం ప్రభుత్వం బాధ్యత, దయ కాదు.

షోలాపూర్ డాక్టర్లకు ఒక మాట. మీరు ఏటా దండ వేసే డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1910లో ఈ ఊళ్లో పుట్టాడు. చైనా యుద్ధరంగంలో రోగుల మధ్యే పని చేస్తూ 32 ఏళ్లకే చనిపోయాడు. ఆయన భార్య గువో చింగ్లాన్ నర్సు. అక్కడ ఎవరి హోదా ఎంత అని లెక్కలు వేసుకుని ఉంటే గాయపడిన సైనికులు స్ట్రెచర్ల మీదే చచ్చిపోయేవారు. ఇక్కడా మనుషులు పోతున్నారు, నెమ్మదిగా, ఇళ్లలో, లెక్కకు రాకుండా. వ్యతిరేకించే శక్తి మీ సంఘానికి ఉందని 2019లో చూపించారు. పర్యవేక్షకులుగా ముందుకొచ్చే ధైర్యం మీలో ఎందరికి ఉందో ఇప్పుడు చూపించండి.

భద్రావతి పేట నుంచి విడి ఘర్కుల్ కాలనీ దాకా ఉన్న నా వాళ్లకు చెప్పేది ఇదే. ఓటు కోసం గుమ్మంలోకి వచ్చే ప్రతి కార్పొరేటరునూ, ఎమ్మెల్యేనూ చాదరుకు మార్కెట్ గురించి, కరెంటు రేటు గురించి అడుగుతున్నారు కదా. దాంతో పాటు సెక్షన్ 32 మా పేటలో ఎప్పుడు అమలు చేయిస్తావని అడగండి. సమాధానం చెప్పనివాడికి ఓటు వేయకండి.