ముందు జబ్బు తేలాలి, తర్వాతే మందు

పిల్లాడికి జ్వరమొస్తే మనం ముందు ఏం చేస్తామండీ? ఎప్పటినుంచి, పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, చలి పుట్టిందా అని అడుగుతాం. అడక్కుండా మందుల షాపుకెళ్ళి నాలుగు రకాల మాత్రలు తెచ్చి మింగించే తల్లి ఉండదు. అదే కారు వణికితే మాత్రం తాళాలు షెడ్డువాళ్ళ చేతిలో పెట్టి, సాయంత్రం బిల్లు కట్టి తెచ్చుకుంటాం. "అది మగవాళ్ళు చూసుకుంటార్లే" అనుకునే ఇళ్ళలో అయితే ఆ బిల్లులో ఏముందో కూడా చదవం. ఇల్లు నడిపేది మనమైనప్పుడు ఆ బిల్లూ మనదే కదా! అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు, సీటు గడగడలాడటం, బండి కదలగానే సర్దుకోవడం చాలామంది చూసే ఉంటారు. మెకానిక్కులు "మిస్సింగ్ కొడుతోందమ్మా" అంటారు. పెట్రోలు కార్లలో దీనికి కారణాలు చాలానే ఉన్నాయి. స్పార్క్ ప్లగ్గు అరిగిపోవచ్చు. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ పాడవచ్చు. రబ్బరు గొట్టం పగిలి, లెక్కలో లేని గాలి లోపలికి పోతుండవచ్చు. థ్రాటిల్ బాడీలో మసి పేరుకోవచ్చు. ఇంజెక్టరు మూసుకుపోవచ్చు. ఇవేవీ కాక, ఇంజన్ని పట్టి ఉంచే మౌంటింగుల రబ్బరు చచ్చిపోయి ఉండవచ్చు. లక్షణం ఒకటే, జబ్బులు అరడజను. అన్నీ ఒకేసారి మార్చేస్తే వణుకు పోతుంది, నిజమే. దాంతోపాటు నెల జీతంలో సగమూ పోతుంది.

పోయిన వానాకాలంలో మా నాలుగు సిలిండర్ల కారుకి ఇదే వచ్చింది. తీసుకెళ్ళిన పెద్ద సర్వీసు సెంటర్లో బానెట్ కూడా ఎత్తకుండా పద్దెనిమిది వేలకి చీటీ రాసిచ్చారు. మౌంటింగులు, ఇంజెక్టర్ల క్లీనింగు, థ్రాటిల్ క్లీనింగు, ప్లగ్గులు, అన్నీ ఉన్నాయి అందులో. "ఇంతకీ దేనివల్ల వణుకుతోంది?" అని అడిగితే, "సార్‌ని ఫోన్ చేయమనండి మేడమ్, చెప్తాం" అన్నారు. సార్‌కి చెప్పగలిగింది నాకెందుకు చెప్పలేరో అర్థం కాలేదు. బండి వెనక్కి తెచ్చేశాను.

మా వీధి చివర షెడ్డు ఆయన ముందు స్కానర్ పెట్టి చూశాడు. పి0302 అని వచ్చింది. అంటే రెండో సిలిండర్ సరిగా మండటం లేదని. ఇంజన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికీ, మూడోది రెండోదానికీ బిగించాడు. పాత కోడ్ చెరిపి కాసేపు నడిపితే ఈసారి పి0303 వచ్చింది. కాయిల్‌తోపాటే జబ్బూ మూడో సిలిండర్‌కి వెళ్ళింది! ఇంకేముంది, కాయిలే దొంగ. కోడ్ అలాగే రెండో దగ్గరే ఉండిపోతే తర్వాత ప్లగ్గు, ఆ తర్వాత ఇంజెక్టరు, చివరికి కంప్రెషన్ చూసేవాణ్ణన్నాడు. కొత్త కాయిల్, పనితో కలిపి మూడు వేల లోపే అయింది.

షెడ్డుకి వెళ్ళేముందు మనమూ కొన్ని గమనించి చెప్పవచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వణుకుతోందా, వేడెక్కాకా? ఏసీ వేస్తే ఎక్కువవుతోందా? ఆర్‌పీఎమ్ ముల్లు ఎగిరెగిరి పడుతోందా? ముల్లు నిలకడగా ఉండి బాడీ మాత్రం ఊగుతుంటే ముందు మౌంటింగుల్ని అనుమానించాలి. బానెట్ ఎత్తితే బుస్సుమని గాలి చప్పుడు వస్తుంటే గొట్టాలు చూడమనాలి. ఇంజన్ నడుస్తుండగా కాయిళ్ళ మీద మాత్రం చెయ్యి పెట్టకండి, అక్కడ వేల వోల్టులు ఉంటాయి. చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే "ఇంటిదాకా పోనిద్దాం" అనుకోవద్దు. మండని పెట్రోలు వెళ్ళి కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు ఏపాటి? ఇంకొకటి, మూడు సిలిండర్ల చిన్న కార్లకి కొంచెం వణుకు పుట్టుకతోనే ఉంటుంది. కొన్ననాటికంటే పెరిగిందా అన్నదే చూసుకోవాలి.

తప్పంతా షెడ్డువాళ్ళదే అంటే నేనొప్పుకోను. డాక్టరు చెయ్యి పట్టుకు చూసినందుకు ఫీజు కళ్ళకద్దుకుని ఇస్తాం. మెకానిక్కు గంటసేపు వెతికి "మూడు వందలివ్వండమ్మా" అంటే మాత్రం "ఏం మార్చావని?" అంటాం. వెతికినందుకు డబ్బులివ్వని చోట, పాపం ఆయనైనా ఏం చేస్తాడు? పార్టు మార్చి అందులో సంపాదించుకుంటాడు. కనిపెట్టడమే అసలు పనితనం. దానికి బేరమాడకుండా ఇవ్వాలి. ఇచ్చాక, "ఇదే పోయిందని ఎలా తెలిసింది?" అని అడిగే హక్కు మనకుంటుంది. తెలిసినవాడు ఆ ప్రశ్నకి విసుక్కోడు, చూపించి చెప్తాడు. విసుక్కున్న చోట తాళాలు ఇవ్వకండి. మార్చిన పాత పార్టు అడిగి ఇంటికి తెచ్చుకోండి.