లెక్క చూపని శాస్త్రము

న్యాయస్థానమున అసలు దస్తావేజు దాఖలు చేయక "మా మాట నమ్ముడు" అని నిలుచు కక్షిదారునికి డిక్రీ యిచ్చు న్యాయమూర్తి యుండడు. జీవశాస్త్రమున మాత్రము ఈ వాదము చెల్లుచు వచ్చినది. ఫలితమును ప్రకటింతురు; అది యే లెక్కవలన వచ్చెనో చూపరు.

2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పండితులు నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక విశేషము ప్రకటించిరి. క్యాన్సరు కణములలో ఏయే జన్యువులు ఎంతెంత పనిచేయుచున్నవో కొలిచి, ఆ అంకెలనుబట్టి యే రోగికి ఏ మందు పనిచేయునో ముందే చెప్పవచ్చునట! హూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రపు గణాంకశాస్త్రజ్ఞులు కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ ఆ లెక్కను తిరిగి చేయబూనిరి. పొసగలేదు. విధానము సమగ్రముగ వ్రాయబడలేదు గనుక, ఫలితమునుండి వెనుకకు నడచి అది యెట్లు పుట్టెనో కనుగొనవలసి వచ్చెను. తేలిన దేమి? జన్యువుల పట్టిక ఒక వరుస జారినది! మందుకు లొంగునవి, లొంగనివి అను గుర్తులు కొన్నిచోట్ల తారుమారైనవి. అనగా పనిచేయని మందే రోగికి దక్కుట!

2007లోనే వారు ఆక్షేపించిరి. అయినను ఆ పద్ధతిపై రోగులను చేర్చుకొని ప్రయోగములు సాగినవి. 2009లో ఆపిరి. అంతట విశ్వవిద్యాలయము పరిశీలకులను నియమించెను. కాని బ్యాగర్లీ పంపిన క్రొత్త ఆక్షేపణ ఆ పరిశీలకుల కందనే లేదు. ప్రతివాది జవాబును దాచి తీర్పు వ్రాయించుట మరేమి? 2010లో ప్రయోగములు మరల మొదలై, ఆ యేడే శాశ్వతముగ నిలిచినవి. 2011లో వ్యాసము ఉపసంహరింపబడెను. దత్తాంశమున కల్పితముకూడ కలదని 2015లో అమెరికా ప్రభుత్వ శాఖ తేల్చెను.

ఇది యొక వంచకుని కథయే గదా, తక్కిన పండితుల నేల శంకింపవలె నందురేమో. ఎక్సెల్ అను పద్దుల యంత్రము "మార్చ్1" అను జన్యువు పేరును మార్చి ఒకటవ తేదిగా దిద్దివేయుచుండెను. అట్టి జన్యుపట్టికలు జతపరచిన వ్యాసములలో సుమారు అయిదింట నొకవంతున ఈ జాతి దోషమున్నదని 2016లో తేలినది. వీరందరు వంచకులా? కారు. పొరపాటు మహాపండితునికిని తప్పదు. తప్పును పట్టు దారిని మూసివేయుటయే నేరము.

లెక్క చూపినచో పోటీదారులు దొంగిలింతురని మరికొందరి భయము. ప్రకటించి కీర్తి గొన్న పిమ్మట దాచుటకు హక్కెక్కడిది? దత్తాంశమును గణనక్రమమును బహిరంగపరుపవలెనని 2012లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సిఫారసు చేసెను. సిఫారసు చాలదు. లెక్క జతపరుపని వ్యాసమును పత్రికలు తిప్పిపంపవలెను. రోగికి మందు ముట్టకముందే, ఆ పరిశోధనతో సంబంధము లేని యొకడు ఆ లెక్కను మొదటినుండి చేసి చూడవలెను.