సైనిక ఆస్పత్రి నుంచి కంపెనీ బీమాకు: మధ్యలో వంతెన లేదు

న్యూఢిల్లీ: నాలుగేళ్ళ సర్వీసు ముగించుకుని త్రివిధ దళాల నుంచి బయటకు వచ్చే అగ్నివీరుల భవితవ్యంపై సాగిన చర్చ అంతా ఉద్యోగాల చుట్టూనే తిరిగింది. కేంద్ర సాయుధ పోలీసు బలగాలలో ఎందరికి చోటు దక్కుతుంది, రాష్ట్రాలు ఎంత రిజర్వేషన్ ఇస్తాయి, ప్రైవేటు సంస్థలు ఎందరిని తీసుకుంటాయి అన్న ప్రశ్నలే ప్రధానంగా వినిపించాయి. యూనిఫాం విడిచిన మరునాడు జబ్బు చేస్తే వైద్యం ఎక్కడ అన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం లభించలేదు. 2022 చివర శిక్షణలో చేరిన తొలి బృందాలకు నాలుగేళ్ళు నిండేది 2026 చివరలో. అందువల్ల ఈ ప్రశ్నను ఎంతోకాలం పక్కన పెట్టే వీలు లేదు.

సర్వీసులో ఉన్నంతకాలం సైనికుడికి వైద్యం ఒక హక్కు. యూనిట్‌లోని ఎం.ఐ. రూమ్‌లో పేరు చెప్పుకుంటే వైద్యాధికారి పరీక్షిస్తారు. అవసరమైతే సమీపంలోని సైనిక ఆస్పత్రికి, అక్కడా కుదరకపోతే కమాండ్ ఆస్పత్రికి, చివరకు ఢిల్లీలోని ఆర్మీ రిఫరల్ ఆస్పత్రికి పంపుతారు. ప్రీమియం, క్లెయిము, వెయిటింగ్ పీరియడ్ వంటి మాటలతో అతనికి పని లేదు. అగ్నివీరులకు సైతం సర్వీసు కాలంలో ఈ సదుపాయం ఉంది.

సర్వీసు ముగియగానే పరిస్థితి తారుమారవుతుంది. 2022 జూన్ 14న కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద తొలి ఏడాది 46 వేల మందిని తీసుకోవాలని నిర్ణయించారు. నాలుగేళ్ళ తర్వాత వీరిలో గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. అంటే ఒక్క తొలి ఏడాది లెక్క ప్రకారమే సుమారు 34,500 మంది పౌర జీవనంలోకి రావలసి ఉంటుంది. వీరి చేతికి పన్ను లేని సేవానిధి రూపంలో దాదాపు 11.71 లక్షల రూపాయలు అందుతాయి. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. మాజీ సైనికోద్యోగి హోదా గానీ, మాజీ సైనికోద్యోగుల ఆరోగ్య పథకం (ఇ.సి.హెచ్.ఎస్.) గానీ వర్తించవని సైన్యం 2022 జూన్‌లోనే నియామక నిబంధనలలో స్పష్టం చేసింది.

పింఛనుతో రిటైరయ్యే జవాను సంగతి వేరు. 2003 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఇ.సి.హెచ్.ఎస్.లో అతను ఒకేసారి చందా చెల్లించి జీవితాంతం సభ్యుడుగా ఉండవచ్చు. 2017 చివర సవరించిన రేట్ల ప్రకారం హవల్దారు స్థాయి వరకు ఈ చందా 30 వేల రూపాయలు, అధికారులకు 1.20 లక్షలు. భార్య, ఆధారపడిన పిల్లలు, ఆదాయ పరిమితికి లోబడిన తల్లిదండ్రులు కూడా ఇందులోకి వస్తారు. చికిత్స వ్యయానికి గరిష్ఠ పరిమితి లేదు. పూర్వం నుంచి ఉన్న జబ్బు అన్న అభ్యంతరమూ లేదు. ముప్పయ్యారో ముప్పయ్యెనిమిదో ఏట రిటైరై ఏ బ్యాంకులోనో, కర్మాగారంలోనో చేరిన మాజీ జవానుకు కంపెనీ ఇచ్చే బీమా అదనపు రక్షణ మాత్రమే. ఆ ఉద్యోగం పోయినా అతని వైద్యానికి ఆధారం పోదు.

అగ్నివీరునికి కంపెనీ బీమా ఒక్కటే దిక్కు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సున్నా నుంచి లెక్క

సైనిక వైద్యం సేవ, బీమా ఒప్పందం. ఒకదానిలో గడిపిన కాలం మరొకదానిలో లెక్కకు రాదు. ఆరోగ్య బీమా పాలసీని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునే పోర్టబిలిటీ సౌకర్యం 2011 అక్టోబరు నుంచి దేశంలో ఉంది. పాత పాలసీలో పూర్తి చేసిన వెయిటింగ్ కాలాన్ని కొత్త కంపెనీ గుర్తించాలి. అయితే ఈ గుర్తింపు ఒక బీమా పాలసీ నుంచి మరో బీమా పాలసీకి మాత్రమే. సైనిక ఆస్పత్రిలో నాలుగేళ్ళు పొందిన వైద్యం పాలసీ కాదు కనుక, ఇరవై రెండేళ్ళ యువకుడు సొంతంగా పాలసీ తీసుకుంటే మొదటి రోజు నుంచి లెక్క మొదలవుతుంది. పూర్వం నుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ కాలాన్ని హైదరాబాదు ప్రధాన కేంద్రంగా గల బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ (ఐ.ఆర్.డి.ఎ.ఐ.) 2024 ఏప్రిల్ నుంచి 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించింది. తగ్గినా అది మూడేళ్ళు. అంటే దాదాపు అతను సర్వీసు చేసినంత కాలం.

ఇరవై రెండేళ్ళవానికి పూర్వపు జబ్బులేమిటని ఎవరైనా అడగవచ్చు. సైన్యం సంగతి తెలిసినవారు అలా అడగరు. బరువులతో పరుగులు తీసిన మోకాళ్ళు, శిక్షణలో దెబ్బతిన్న నడుము, ఫిరంగుల మోత వల్ల మందగించిన వినికిడి, ఎత్తయిన పర్వతాలపై డ్యూటీ మిగిల్చే ఊపిరితిత్తుల ఇబ్బందులు వయసుతో నిమిత్తం లేకుండా వస్తాయి. పైగా సైనికుడు సర్వీసు వదిలేటప్పుడు జరిగే వైద్య పరీక్షలో ఇవన్నీ కాగితంపైకి ఎక్కుతాయి. పరిహారం కోరడానికి ఆ పత్రమే అతనికి సాక్ష్యం. రేపు బీమా ప్రతిపాదన పత్రంలో ఆ వివరాలు వెల్లడించినపుడు వాటిని పూర్వపు జబ్బులుగా లెక్కించడానికి కంపెనీకీ అదే సాక్ష్యమవుతుంది. వెల్లడించకుండా దాచితే క్లెయిము తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. సర్వీసు కారణంగా ఏర్పడిన వైకల్యానికి 50, 75, 100 శాతం స్థాయిలను బట్టి 15, 25, 44 లక్షల రూపాయల పరిహారం ఉన్నా అది ఒకసారి ఇచ్చే మొత్తమే. పదేళ్ళ తర్వాత మోకాలికి శస్త్రచికిత్స అవసరమైతే ఏం చేయాలో అది చెప్పదు.

పెద్ద కంపెనీలు తమ సిబ్బందికి తీసుకునే గ్రూపు పాలసీలలో వెయిటింగ్ నిబంధనను సాధారణంగా తొలగింపజేసుకుంటాయి. అలాంటి సంస్థలో ఉద్యోగం దొరికినవారికి తొలి రోజు నుంచే రక్షణ లభిస్తుంది. కాకపోతే బీమా మొత్తం మూడు లేక ఐదు లక్షల వద్ద ఆగిపోవడం, ఔట్ పేషెంటు ఖర్చు చేతి నుంచి పెట్టుకోవలసి రావడం, తల్లిదండ్రులను చేర్చాలంటే అదనపు ప్రీమియం కట్టవలసి రావడం మామూలే. అన్నిటినీ మించి, ఉద్యోగం మానిన రోజునే గ్రూపు రక్షణ తొలగిపోతుంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం నిబంధనలలో ఉంది. కానీ దరఖాస్తు ఎవరికి, ఎప్పటిలోగా ఇవ్వాలన్నది సిబ్బందిలో అనేకులకు తెలియదు. వ్యక్తిగత పాలసీలపై జి.ఎస్.టి.ని 2025 సెప్టెంబరు 22 నుంచి తొలగించడం ఇలా మారేవారికి కొంత ఊరట.

విచిత్రమేమిటంటే, తక్కువ జీతం వచ్చేవాడికే మెరుగైన రక్షణ దొరికే పరిస్థితి ఉంది. కార్మిక రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) వేతన పరిమితిని 2017 జనవరిలో 21 వేల రూపాయలకు పెంచారు. ఆ పరిమితిలోపు జీతంతో సెక్యూరిటీ గార్డుగా చేరిన యువకునికి 2019 జులైలో తగ్గించిన రేటు ప్రకారం 0.75 శాతం కోతతో కుటుంబమంతటికీ వైద్యం లభిస్తుంది. పూర్వపు జబ్బు అన్న మాట అక్కడ లేదు. నాలుగో ఏట నెలకు 40 వేల ప్యాకేజీ అందుకున్న అగ్నివీరుడు ఆ పరిమితికి కాస్త మించిన జీతానికి చేరితే మాత్రం యజమాని ఏ పాలసీ తీసుకున్నాడో, అసలు తీసుకున్నాడో లేదో చూసుకోవలసిందే. ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీల వద్ద నిరీక్షణ గురించి కార్మికుల ఫిర్యాదులు కొత్తవి కావు. అయినా నిబంధనల వరకు చూస్తే సైనిక వైద్యానికి దగ్గర చుట్టం అదే.

కేంద్ర బలగాలలోకి వెళ్ళేవారికి ఆ బలగాల ఆరోగ్య పథకం వర్తిస్తుంది. పేద కుటుంబాలకు చెందినవారు ఆయుష్మాన్ భారత్‌ను, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి రాష్ట్ర పథకాలను ఆశ్రయించవచ్చు. ఇంటికొక సైనికునిగా పేరున్న పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి గ్రామాలలో పాతతరం వారి వద్ద ఉన్న ఇ.సి.హెచ్.ఎస్. కార్డు మాత్రం ఈ తరం చేతికి రాదు.

అమెరికాలో 180 రోజులు

సైన్యం నుంచి పౌర ఉద్యోగానికి మారే సంధికాలాన్ని అమెరికా ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించింది. అక్కడ సైనిక ఆరోగ్య పథకం 'ట్రైకేర్' నుంచి వైదొలగేవారిలో అర్హులకు 180 రోజులపాటు రక్షణ కొనసాగుతుంది. ఆ తర్వాత కూడా కావాలనుకుంటే 60 రోజులలోగా దరఖాస్తు చేసి, ప్రీమియం చెల్లించి మాజీ సైనికుడు గరిష్ఠంగా మరో 18 నెలలు కొనసాగవచ్చు. సైనిక రక్షణ కోల్పోయినవారిని ఏడాది మధ్యలోనైనా సిబ్బంది బీమాలో చేర్చుకునేందుకు యజమానులు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. పూర్వపు జబ్బుల పేరుతో నిరాకరించడాన్ని 2014 నుంచి అక్కడి చట్టం అనుమతించడం లేదు. ఖరీదైన వైద్యానికి పేరుమోసిన దేశం అది. అక్కడి ప్రీమియంలు మనకు ఆదర్శం కావు గానీ, ఆ 180 రోజుల ఆలోచనకు పెద్దగా ఖర్చు లేదు.

అగ్నివీరులను ఇ.సి.హెచ్.ఎస్.లో చేర్చాలన్న వాదనకు ఆర్థిక శాఖ వెనుకాడడానికి కారణం లేకపోలేదు. ఆ పథకం ఇప్పటికే భారంతో నడుస్తోంది. పాలీక్లినిక్‌లలో మందుల కొరతను 2015 నాటి కాగ్ నివేదిక ఎత్తిచూపింది. బిల్లుల బకాయిల కారణంగా ప్రైవేటు ఆస్పత్రులు నగదు రహిత చికిత్సకు మొండికేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇరవై రెండేళ్ళవారిని జీవితాంతం మోయాలంటే లెక్కలు వేసుకోవలసిందే. అయితే ఉన్నది అంతా ఇవ్వడమా, ఏమీ ఇవ్వకపోవడమా అన్న రెండు దారులే కాదు. నాలుగేళ్ళ సైనిక సర్వీసును నిరంతర ఆరోగ్య రక్షణగా పరిగణించి, వెయిటింగ్ కాలం నుంచి మినహాయించాలని బీమా కంపెనీలను ఆదేశిస్తే ఖజానాపై పైసా భారం పడదు. ప్రీమియం కొద్దిగా పెరుగుతుందని కంపెనీలు అనవచ్చు. కఠినమైన వైద్య పరీక్షలో నెగ్గి సైన్యంలో చేరిన యువకులు వారికి నష్టదాయకమైన ఖాతాదారులంటే నమ్మడం కష్టం. సేవానిధి నుంచే తొలి ఏడాది ప్రీమియం మినహాయించుకుని గ్రూపు పాలసీ ఇవ్వడం మరో మార్గం.

ఈ విషయంలో పూర్వోదాహరణ లేకపోలేదు. పింఛను లేకుండా వైదొలగిన షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులను 2003లో ఇ.సి.హెచ్.ఎస్. పరిధి వెలుపలే ఉంచారు. వారితోపాటు ఎమర్జెన్సీ కమిషన్ అధికారులకు, రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నవారికి కూడా చందా చెల్లించి చేరే వీలు కల్పిస్తూ రక్షణ మంత్రిత్వ శాఖ నిర్ణయం తీసుకున్నది 2019 మార్చిలో. ఈ మధ్య పదహారేళ్ళు గడిచాయి. యుద్ధం చేసినవారిలో అప్పటికి మిగిలిన అతి కొద్దిమంది కూడా తొంభయ్యో పడిలో పడ్డారు.