ఆట నేర్పుట అను విద్య

పటము పరచి పావులు కదిపి ఆడు ఆటలు పిల్లల కాలక్షేపమనియు, పనిలేనివారి వ్యాపకమనియు తెలుగునాట పెద్దలు తేలికగా త్రోసిపుచ్చుదురు. వేసవి సెలవులలో వానిని సహింతురు. బడులు తెరచిన నాడు అటకపై పెట్టింతురు. ఈ తేలికభావము ఎంతవరకు సబబో విచారింపదలచిన ఉపాధ్యాయులు జర్మనీ దేశమున ఎస్సెన్ నగరమునందు ఏటేటా అక్టోబరు మాసమున జరుగు ఆటల సంతను గూర్చి తెలిసికొనదగును.

ఎస్సెన్ బొగ్గుగనులకును, ఉక్కునకును పేరు మోసిన నగరము. గనులు ఒక్కొక్కటిగా మూతపడుచున్న కాలమున, 1983లో, ఆ ఊరి వయోజన విద్యాలయమున ఇట్టి ఆటలయందు ప్రీతి గలవారు కొందరు సమావేశమైరి. ఆ చిన్న కూటమే క్రమముగా పెరిగి నగరపు ప్రదర్శనశాలలకు మారినది. 2019లో నాలుగు దినములలో రెండులక్షలకు మించిన జనము దానిని దర్శించిరి. 2020లో మహమ్మారి వలన శాలలు తెరవబడకున్నను, మరుసటి ఏట జనము మరల చేరిరి. పెద్దలకు చదువు చెప్పు భవనమున ఈ సంత పుట్టుట కాకతాళీయమే కావచ్చును; కాని దాని స్వభావమునకు అంతకంటె తగిన జన్మస్థానము లేదు.

ఏలననగా, అచ్చట ఒక దినము గడపు ఆటగాడు ఆ దినమంతయు విద్యార్థియే. ద్వారములు తెరవగానే అతడు ఖాళీ బల్ల కొరకు వెదకును. దొరికినచోట కూర్చుండును. ఎదుట నున్నవారెవరో తెలియదు. వారి మాతృభాషయు వేరు కావచ్చును. అంతలో ఆట నేర్పువాడు వచ్చును. జర్మనులు ఇట్టివానిని పరిహాసముగా 'వివరించు ఎలుగుబంటి' అందురు. అతడు కొలది నిమిషములలో ఆట గమ్యమేమో, ఒక్కొక్కరి వంతులో ఏమేమి చేయవచ్చునో, ఆట ఎప్పుడు ముగియునో చెప్పి తప్పుకొనును. గంట గడచునప్పటికి ఒకరు గెలుతురు, తక్కినవారు ఓడుదురు. అందరును నవ్వుచు లేచి మరియొక బల్ల వెదకుకొందురు. అచ్చట వేరొక ఆట, వేరొక నియమావళి, మరల మొదటి పాఠము. తలనెరసిన వైద్యుడును, పదునాలుగేండ్ల బాలికయు ఒకే బల్లయొద్ద ఒకే విధముగా అజ్ఞానులై కూర్చుండుట ఆ సంతలో నిత్యము కానవచ్చు దృశ్యము. సాయంకాలమునకు అతడు నాలుగైదు ఆటలు నేర్చును. వానిలో పెక్కింటిలో ఓడును. ఓడుటకు సిగ్గుపడువాడు క్రొత్తది నేర్వలేడన్న సత్యమును ఇంతకంటె సుఖముగా బోధించు చోటు మరియొకటి ఉండబోదు.

నేర్పువాని నేర్పును ఉపాధ్యాయులు ప్రత్యేకముగ గమనింపదగినది. అనుభవము లేనివాడు నియమపుస్తకమును మొదటి పుటనుండి చదువబూనును. వినువారు మూడవ పుటకే ఆవులింతురు. నేర్పరియైనవాడు ముందు గమ్యమును చెప్పును. పిదప మార్గమును చెప్పును. మినహాయింపులను అవసరము వచ్చినప్పుడే చెప్పును. పావును తాను కదిపి చూపక, నేర్చువాని చేతనే కదిపించును. ఇది బోధనశాస్త్ర గ్రంథములలో ఎన్నడో వ్రాయబడిన సంగతియే. కాని గ్రంథములలో చదివినవారు తరగతిలో మరతురు. ఆటబల్లయొద్ద మరచినచో ఆట సాగనే సాగదు.

అచ్చటి ఆటలు ఎట్టివో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1995లో వెలువడిన 'కటాన్' అను ఆటను కల్పించినవాడు క్లౌస్ టాయిబర్, కృత్రిమ దంతములు చేయు వృత్తిలో ఉండినవాడు, 2023లో మరణించెను. ఆరు అంచులు గల 19 ఫలకములను కూర్చి ఒక ద్వీపము నిర్మింతురు. కట్టె, ఇటుక, ఉన్ని, ధాన్యము, ముడిలోహము అను ఐదు వస్తువులతో బాటలు వేసి ఇండ్లు కట్టవలెను. అన్నియు సమృద్ధిగా గలవాడు సాధారణముగా ఉండడు. కావున ప్రత్యర్థులతోనే బేరమాడి మారకము చేసికొనవలెను. మొదట పది అంకములు పొందినవాడు విజేత. రెండు పాచికలు వేసినప్పుడు కలుగు 36 విధములలో ఏడు ఆరు విధముల పడును, రెండు ఒక్క విధముననే పడును. ఈ లెక్క ఎరిగినవాడు ఇల్లు ఎచ్చట కట్టవలెనో ఎరుగును. గణితమున సంభావ్యత అను అధ్యాయమునకు భయపడు బాలుడు ఇచ్చట దానిని తానే వెదకికొని నేర్చును.

ఇవి పాశ్చాత్యుల సొత్తు గదా అని నిట్టూర్చుట మాత్రము పొరపాటు. భారతదేశపు పచ్చీసే మార్పు చెంది 1896లో ఇంగ్లండున లూడో పేర పేటెంటు పొందెను. వైకుంఠపాళి ఆ కాలముననే ఆ దేశము చేరి, మోక్షమార్గమును విడిచి, వట్టి పాములు నిచ్చెనల ఆట యయ్యెను. మూడు పావులు వరుసకు రాగా ఎదుటివాని పావును తీయు 'దాడి' తెలుగువారికెట్లో, అదే తీరు ఆట 'మ్యూలె' అను పేర జర్మనులకును అట్లే చిరపరిచితము. ఇక పులిజూదము సంగతి. ఒక వైపు మూడు పులులు, మరియొక వైపు పదునైదు మేకలు. పులి దుమికి చంపును, మేకలు కూడి కట్టివేయును. బలములు వేరు, గమ్యములు వేరు. ఐనను పోరు సమానము. ఇట్టి అసమాన పక్షముల కల్పనను నేటి ఆటల రూపకర్తలు గొప్ప నేర్పుగా ఎంచుచున్నారు. అదే నేర్పును తెలుగు పల్లెలు సుద్దముక్కతోను గులకరాళ్లతోను తరతరములుగా అనుభవించినవి.

మరి భేద మెచ్చటనున్నది? వ్రాతలో నున్నది. ఎస్సెన్ బల్లపై నున్న ప్రతి పెట్టెలోను నియమపుస్తక ముండును. పెట్టెపై రూపకర్త పేరుండును. ఆ పేరును ఊరక రాలేదు. 1988లో న్యూరెంబర్గు ఆటవస్తువుల సంతలో కొందరు రూపకర్తలు, తమ పేరు ముద్రింపని సంస్థకు ఆట నీయబోమని బీరుగ్లాసు క్రింద నుంచు అట్టపై వ్రాసి సంతకములు చేసిరి. ఆట యొక రచన యనియు, దానికి కర్త కలడనియు వారు నిలిపిన వాదము నెగ్గినది. తెలుగునాట ఆటలకు కర్త యెవడో తెలియదు. నియమములు అమ్మమ్మల నాలుకలపై నున్నవి. ప్రాచీన దేవాలయ మండపముల రాతినేలపై చెక్కిన ఆటపటములు నేటికిని కానవచ్చును. గీతలు మిగిలినవి, వానిలో కొన్నింటిపై ఎట్లు ఆడిరో చెప్పువారు మిగులలేదు. అష్టాచెమ్మాకు గవ్వలు దొరకును, గడులు గీయవచ్చును. కాని పంట పండు విధమెట్లన్న ప్రశ్న రాగానే 'మా ఊరిలో ఇట్లు కాదు' అను వివాదము పుట్టి ఆట ఆగిపోవును.

ఎస్సెన్ సంతలో లోపములు లేవని కాదు. అది వర్తకము కూడ. ఏటేటా వందలకొలది క్రొత్త ఆటలు వచ్చును. పెక్కు మరుసటి సంత నాటికే విస్మృతములగును. కొన్న పెట్టెలు విప్పబడక బీరువాలలో పడియుండుటయు కలదు. వారికి వ్రాత కలదు, ఆయువు చాలదు; తెలుగు ఆటలకు ఆయువు కలదు, వ్రాత చాలదు.

ఆటలనగా జూదమే గదా అను ఆక్షేపము ఒకటి కలదు. పులిజూదము పేరులోనే ఆ మాట యున్నది. ధర్మరాజు పాచికలాడి రాజ్యమును, తమ్ములను, ఆలిని ఒడ్డి ఓడిన కథ తెలుగువారి మనసున చెరగని మచ్చ. ఐతే సర్వనాశనము తెచ్చినది ఒడ్డిన పణము, శకుని కపటము. పణము లేక నియమము మాత్రమే ఉన్నచోట ఓటమి ఎవరి ఇంటిని కూల్చదు. పైగా ఎవరును చూడనప్పుడును నియమమునకు కట్టుబడు అలవాటు పిల్లలకు అచ్చటనే ముందుగా అబ్బును.

పరీక్షలకే కాలము చాలదు, ఆటల కెక్కడిది అను ప్రశ్నకు సమాధానము తెలుగు వాచకపు తరగతియందే కలదు. ప్రతి విద్యార్థియు తన ఇంటి పెద్దల నడిగి ఒక ఆట నియమములను వ్రాయవలెను: పటము, పావుల సంఖ్య, ఆరంభము, కదలిక, ముగింపు, చెప్పినవారి పేరు, ఊరి పేరు. రెండు ఊళ్ల తీరులు వేరైనచో రెండును వ్రాయవలెను. పిదప ఆ కాగితమును ఆ ఆట ఎరుగని మరియొక తరగతికి ఇవ్వవలెను. వారు ఎవరిని అడుగక ఆడగలిగినచో వ్రాత మంచిది. నడుమ ఆగిపోయినచో, ఏ వాక్యమున ఆగిరో అచ్చట తిద్దవలెను. వసంతర్తు వర్ణనలు వ్రాయు విద్యార్థులు పెక్కుమంది కలరు. ఒక పనిని చదివినవాడు చేయగలుగునట్లు వ్రాయుట ఎరిగినవారు అరుదు. ఈ అభ్యాసమునకు మార్కులు వేయువాడు ఉపాధ్యాయుడు కాడు, ఆటయే.

ఖర్చు కాగితమును, చారెడు చింతపిక్కలును మాత్రమే. ఆలస్యమునకు తగులు ఖర్చు అంతకంటె పెద్దది. వామనగుంటల లెక్క చేతివ్రేళ్లకు తెలిసిన ముసలమ్మలు ప్రతి ఊరిలోను నేటికిని కొందరు కలరు. వారు అడిగినచో చెప్పుదురు, అడుగువారే లేరు. ఈ దసరా సెలవులలో పిల్లలు అడిగిరా, ఆట నిలుచును.